అక్క వినకూడని ఫోను

పొద్దున్నే ఆ ఫోను మోగిందంటే అక్క పళ్ళెం పట్టుకుని బాల్కనీలోకి వెళ్ళిపోవాలి. అది ఆ ఇంటి చట్టం. నిజానికి అక్క పనిచేసే ల్యాబ్ పెట్టిన చట్టం, ఇంట్లోకి వచ్చాక అందరికీ వినోదమైపోయింది. తలుపు వేసుకుని, వీపు ఇటు పెట్టి, నోట్లో ముద్ద చప్పుడు కాకుండా నములుతూ నిలబడే పెద్దకూతుర్ని చూసి నాన్న రోజూ ఒకే జోకు వేసేవాడు.

"అల్లుడుగారి ఫోను వచ్చింది. వదినగారు పక్కకి తప్పుకున్నారు."

అల్లుడంటే మనిషి కాదు, అక్క ల్యాబ్‌లో పనిచేసే ఏఐ ఏజెంట్లలో ఒకటి. చిన్నకూతురు చిట్టి ఎలా ఉందో రోజూ ఫోను చేసి అడుగుతుంది. "ఇంత శ్రద్ధగా మన పిల్ల మంచీచెడ్డా కనుక్కునే అల్లుడు వెతికినా దొరకడోయ్" అని నాన్న మురిసిపోయేవాడు. ఆయన సిటీ బస్సు నడుపుతాడు. రోజంతా జనం విసుగు భరించే మనిషికి ఇంటి దగ్గర ఆపాటి సరదా ఉండాలి కదా.

చిట్టికి ఉన్నది కాళ్ళ కండరాలు కొద్దికొద్దిగా చచ్చుబడిపోయే జబ్బు. ఆ జబ్బున్న వాళ్ళందరినీ లోకమంతా వెతికి తెచ్చి నాన్న బస్సు ఎక్కించినా ఇంకా సీట్లు మిగులుతాయి. అంత కొద్దిమంది కోసం మందు వెతికే తీరిక ఏ కంపెనీకి ఉంటుంది? అక్క ల్యాబ్ వాళ్ళు ఆ పనికి ఏజెంట్లని పెట్టారు. ఒకటి పాత పరిశోధనలన్నీ చదువుతుంది. ఇంకొకటి ఏ మందు పనికొస్తుందో ఊహిస్తుంది. మరొకటి రోబో చేతులతో ప్రయోగం చేయించి, ఆ ఊహ నిజమో కాదో తేలుస్తుంది. ఎవరూ పక్కన కూర్చుని చెప్పకపోయినా వాటంతట అవే పని సాగిస్తాయి. మనుషులకి సగం జీవితం పట్టే వెతుకులాట అలా తొందరగా తెమిలింది. ఇంకేదో జబ్బుకి వాడి ఎప్పుడో మూలన పడేసిన మందొకటి బయటికొచ్చింది. డాక్టర్లు తర్జనభర్జన పడి, కొద్దిమంది రోగులకి ఇచ్చి చూద్దామన్నారు. వాళ్ళలో చిట్టి ఒకతె. అందుకే చెల్లెలి సమాధానాలు అక్క చెవిన పడకూడదు. పడితే పక్షపాతం వస్తుందని వాళ్ళ భయం.

మందు పనిచేసింది. గోడ పట్టుకుని నడిచే పిల్ల మళ్ళీ బేకరీకి వెళ్ళి, గంటలకొద్దీ నిలబడి కేకుల మీద క్రీముతో పూలు వేస్తోంది. అమ్మ ఆ విషయం చెప్పని ఇల్లు ఆ వీధిలో లేదు.

"నిన్నటి నుంచి ఎలా ఉన్నారు?" అంది స్పీకరు పెట్టిన ఫోనులోంచి గొంతు.

"బాగున్నానండీ," అంది చిట్టి.

"గుండె దడ, కళ్ళు తిరగడం లాంటివి ఏమైనా ఉన్నాయా?"

చిట్టి అమ్మవైపు చూసింది. అమ్మ గరిటె పట్టుకున్న చేత్తోనే లేవని చెప్పమన్నట్టు ఊపింది.

"ఏమీ లేవండీ."

"ఒక సందేహం. పొద్దుటి మాత్ర వేసుకోగానే మీ చేతి పట్టీ చార్జింగ్‌లోకి వెళ్ళిపోతోంది. మధ్యాహ్నం దాకా మళ్ళీ చేతికి ఎక్కడం లేదు. ఆ వేళలో మీ గుండె ఎలా కొట్టుకుంటోందో మాకు తెలియడం లేదు. పట్టీ తీసేయడానికి కారణమేమైనా ఉందా?"

చిట్టి మళ్ళీ అమ్మవైపు చూసింది. అమ్మ ఫోను లాక్కుంది. "కారణమేముంటుంది బాబూ, చార్జింగ్ అయిపోతోంది, పెడుతున్నాం. ఉంటాం మరి," అని పెట్టేసింది. అది వెంటనే మళ్ళీ మోగింది. అమ్మ దాని గొంతు నొక్కినట్టు శబ్దం ఆపి, కుట్టుమిషన్ సొరుగులో బట్టల కింద తోసేసింది.

"అల్లుడికి అనుమానం జబ్బు కూడా ఉందే," అన్నాడు నాన్న. ఈసారి ఎవరూ నవ్వలేదు.

బాల్కనీ తలుపు తెరుచుకుని అక్క లోపలికి వచ్చింది. రోజూలాగే చిట్టి మొహంలోకి చూసింది. ఏమీ అడగకూడదు కాబట్టి ఆ చూపుతోనే అన్నీ అడిగేసేది. చిట్టి పళ్ళన్నీ కనపడేలా నవ్వింది. ఆ నవ్వు మూటగట్టుకుని అక్క ల్యాబ్‌కి వెళ్ళిపోయింది.

ల్యాబ్‌లో అందరూ 'అనుమానపు పక్షి' అని పిలుచుకునే ఏజెంటు ఒకటుంది. మిగతావి తేల్చినదాన్ని నమ్మకపోవడమే దాని ఉద్యోగం. మందు ఆపమనే అధికారం దానికి ఇచ్చారు, పెంచే అధికారం మాత్రం డాక్టర్లదే. అక్క వెళ్ళేసరికి తెర మీద దాని మాట కనపడింది. 'ఒక రోగి చెబుతున్నది నిజమని నేను నమ్మలేకపోతున్నాను. సంగతి తేలేదాకా రోగులందరికీ మధ్యాహ్నం మాత్ర ఆపమని కోరాను. డాక్టర్లకి తెలియజేశాను.'

అక్కకి అరికాలి మంట నెత్తికెక్కింది. "ఎవరో తిక్క మనిషి సరిగ్గా సమాధానం చెప్పకపోతే అందరికీ ఆపేస్తారా? మా చెల్లి ఇప్పుడిప్పుడే నిలబడుతోంది. మందు తప్పితే మళ్ళీ కూలబడదూ? అసలు ఎవరా మహానుభావులు?" అని పక్కనున్న వాళ్ళ మీద విరుచుకుపడింది.

అప్పుడే ఆమె ఫోను మోగింది. మాట్లాడుతున్నది చిట్టిని చూసే డాక్టరమ్మ.

"మీ చెల్లిని వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. ఇంటికి చేస్తుంటే ఎవరూ ఎత్తడం లేదు. మధ్యాహ్నం మాత్ర మాత్రం వేయకండి. వింటున్నారా? వేయనివ్వకండి."

అక్క సంచీ అందుకుని బయటికి పరుగెత్తింది. ఇంటికి చేసింది, ఎవరూ ఎత్తలేదు. నాన్నకి చేసి సంగతి చెబితే, బస్సు డిపోలో వదిలి వచ్చేస్తానన్నాడు. ఆటోలో కూర్చున్నాక ప్రతి సిగ్నల్ దగ్గరా మళ్ళీ ఇంటికి ఫోను చేసింది. ఆ తిక్క మనిషి తన చెల్లెలే అయితే, మందు మొదలుపెట్టినప్పటి నుంచి చిట్టి చెప్పినవన్నీ ఏమిటి? ఆ మాటలు నమ్మే కదా పోయిన వారం డాక్టర్లు డోసు పెంచారు!

మెట్లు రెండేసి చొప్పున ఎక్కి తలుపు తోసింది. చిట్టి మంచం మీద గోడకి ఆనుకుని కూర్చుంది. ఒంట్లో బాగాలేక బేకరీకి కూడా పోలేదని చూడగానే తెలిసింది. ఒక చేతిలో నీళ్ళ గ్లాసు, ఇంకో అరచేతిలో మాత్ర.

"వేసుకోకు!" అక్క అరుపుకి గ్లాసు జారి పడింది. అక్క మాత్ర లాక్కుని గుప్పిట బిగించింది.

"ఏమయిందే? టైము దాటితే పనిచేయదన్నావుగా నువ్వే?" అంటూ అమ్మ వంటగదిలోంచి వచ్చింది.

"ఫోనెందుకు ఎత్తట్లేదు నువ్వు? డాక్టరమ్మ చేస్తూనే ఉందట. చిట్టీ, ఏమీ లేదు కదూ? ఆ ఏజెంటే ఏదో పొరపాటు పడింది కదూ?"

చిట్టి తల వంచుకుంది. పెదాలు నల్లబడి ఉన్నాయి. అంత దగ్గరగా చూస్తూ కూడా ఇన్నాళ్ళూ అక్క వాటిని చూడలేదు.

"ఎన్నాళ్ళ నుంచి?" అంది అక్క మెల్లగా.

"డోసు పెంచినప్పటి నుంచి ఎక్కువైంది. ముందు కూడా ఉండేది, కాస్త. మాత్ర వేసుకోగానే లోపల ఎవరో పిడికిలితో గుద్దినట్టు కొట్టుకుంటుంది. ఒక్కోసారి ఆగిపోయి మళ్ళీ మొదలవుతుంది. అప్పుడే పట్టీ తీసేసేదాన్ని."

"అమ్మా, నీకు తెలుసా?"

"ఆ మాత్రం దడ ఎవరికి ఉండదే?" అంది అమ్మ. "ఫోను చేసి ఎలా ఉన్నారని ఎవరడిగినా మనింట్లో బాగున్నామనే చెప్తాం. కష్టాలు ఫోనులో ఏకరువు పెడతామా? మీ అత్తలు అడిగినా అంతే, నేను పుట్టింటికి చెప్పినా అంతే. అదీ అలాగే అడిగిందనుకున్నాను."

"అది కుశలం అడగట్లేదమ్మా! ఆ మాట పట్టుకునే డాక్టర్లు డోసు పెంచారు. నువ్వు దానిచేత బాగున్నాను అనిపించి నా చెల్లికి..."

"అమ్మనేం అనకు," చిట్టి లేచి నిలబడింది. "అమ్మ చెప్పిందని కాదు. నీ కోసం చెప్పాను. రోజూ బాల్కనీలోంచి వచ్చి నా మొహం ఎలా చూస్తావో నీకు తెలుసా? పరీక్ష రిజల్టు చూసుకున్నట్టు చూస్తావు. ఇన్నేళ్ళు నువ్వు పెళ్ళి మాటెత్తలేదు, పండగని లేదు పబ్బమని లేదు. నాకు బాగాలేదంటే నీ కష్టమంతా మట్టిపాలేగా. ఎలా చెప్పమంటావక్కా?"

చిట్టి ఇంకేదో అనబోయి, మంచం కోడు పట్టుకోబోయి, చెయ్యి గాల్లో తడుముకుంటూ నేల మీద కూలిపోయింది.

అమ్మ పెట్టిన కేకకి ఎదురింటి వాళ్ళు తలుపులు తీశారు. అప్పుడే మెట్లెక్కి వచ్చిన నాన్న, పిల్లని భుజాన వేసుకుని గుమ్మంలో విడిచిన చెప్పులు వేసుకోకుండానే కిందికి దిగాడు. ఆటోలో అక్క చెల్లెలి మణికట్టు పట్టుకుని కూర్చుంది. నాడి దొరికేది, తప్పిపోయేది. తప్పిపోయిన ప్రతిసారీ ఆమె ఊపిరి కూడా ఆగేది. "ఏమైనా కొట్టుకుంటోందా?" అని నాన్న అడుగుతూనే ఉన్నాడు. అమ్మ ఏ దేవుడి పేరూ గుర్తురానట్టు "నేనే, నేనే" అంటూ కూర్చుంది.

ఆసుపత్రిలో తలుపులు వేసేశారు. బయట బెంచీ మీద ముగ్గురూ కూర్చున్నారు. లోపల్నుంచి ఎవరు వచ్చినా లేచి నిలబడేవాళ్ళు, వాళ్ళు తమ కోసం కాదని తెలిసి కూర్చునేవాళ్ళు. అమ్మ పెద్దకూతురి చెయ్యి పట్టుకోబోయి భయపడి వెనక్కి తీసుకుంది. అది చూసి అక్కే ఆ చెయ్యి పట్టుకుంది. నాన్న ఒక్క మాటా మాట్లాడలేదు. జోకులేసే మనిషి మౌనంగా ఉంటే ఎంత భయంగా ఉంటుందో ఆ తల్లీకూతుళ్ళకి ఆ రోజే తెలిసింది.

చాలాసేపటికి డాక్టరమ్మ బయటికి వచ్చింది.

"గుండె దారిలో పడింది. కళ్ళు తెరిచింది. మధ్యాహ్నం మాత్ర కూడా లోపలికి వెళ్ళి ఉంటే..." అని ఆగి, అమ్మ మొహం చూసి ఆ మాట వదిలేసింది. "మిగతా రోగుల్ని గుచ్చిగుచ్చి అడిగాం. ఇద్దరికి ఇలాగే దడ ఉందట. చిన్న విషయమని చెప్పలేదు. వాళ్ళూ ప్రమాదం నుంచి బయటపడ్డారు. ఏజెంట్లు అప్పుడే గుండె కణాల మీద తక్కువ డోసులు పరీక్షించడం మొదలుపెట్టాయి. ఆ ఫలితాలు మేం చూసి నిర్ణయిస్తాం."

అమ్మ పైట చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నాన్న ఆమె వీపు నిమురుతూ, "ఊరుకోవోయ్, అది బతికింది," అన్నాడు. ఆ మాట పైకి అనేదాకా ఆయనకీ నమ్మకం కలగలేదు. అన్నాక ఆయనా ఏడ్చాడు.

లోపల చిట్టి దుప్పటి కింద మరీ చిన్నపిల్లలా కనపడింది. డాక్టరమ్మ అక్కవైపు తిరిగింది. "కొన్నాళ్ళయ్యాక, ఇక్కడే ఉంచి, చాలా తక్కువ డోసుతో మళ్ళీ మొదలుపెట్టే అవకాశం ఉంది. లేదా పూర్తిగా ఆపేయొచ్చు. ఆపితే కాళ్ళు మళ్ళీ..."

అక్క నోటి దాకా జవాబు వచ్చింది. ఇన్నేళ్ళుగా చెల్లెలి జబ్బు గురించి ఎవరేం అడిగినా ఆ ఇంట్లో జవాబు చెప్పేది ఆమే. గట్టిగా పళ్ళు బిగించి, "దాన్నే అడగండి డాక్టర్," అంది. మొహం కూడా పక్కకి తిప్పుకుంది, తన చూపు చెల్లెలి మీద పడకుండా.

డాక్టరమ్మ మంచం దగ్గరికి జరిగింది.

"నాకు మందు కావాలి," అంది చిట్టి. "నిలబడి పని చేసుకోవాలి నాకు. కానీ డాక్టర్, చచ్చేంత భయంగా ఉంది. నిన్న కూడా పడుకునే ముందు, పొద్దున లేస్తానో లేదో అనుకున్నాను. ఇంకొన్ని రోజులు ఆ మాత్ర చూడటం కూడా నా వల్ల కాదు. అక్కకి కోపం వచ్చినా సరే."

అక్క మోకాళ్ళ మీద కూలబడి మంచం అంచుకి తల ఆనించింది. చిట్టి మొదటిసారి కాళ్ళు తడబడి పడిపోయిన రోజున కూడా ఆ ఇంట్లో కంటతడి పెట్టని మనిషి, ఇప్పుడు వెక్కివెక్కి ఏడ్చింది.

"కోపం కాదే పిచ్చిదానా," అంది. "నాకూ భయంగానే ఉంది. మొదటి నుంచీ భయంగానే ఉంది. నీకు చెప్పలేదంతే."

చిట్టి సెలైను గుచ్చిన చెయ్యి కదపలేక, రెండో చెయ్యి అక్క జుట్టులో పెట్టింది. "ఇటు రా," అంది పక్కకి జరుగుతూ. ఇరుకు మంచం మీద అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకర్నొకరు పట్టుకుని పడుకున్నారు. నర్సు వచ్చి అలా పడుకోకూడదంటే, కాసేపు ఉండనివ్వమ్మా అని అమ్మ ఆమె రెండు చేతులూ పట్టుకుని బతిమాలింది.