రెండో వేలు

మా పంపుహౌసులో ఆదివారం మధ్యాహ్నమంత ప్రశాంతమైనది ఇంకోటి ఉండదు. గోడ మీద బల్లి, టేబుల్ మీద టీ గ్లాసు, కుర్చీలో నేను. ముగ్గురిలో ఒళ్ళు వంచి పనిచేసేది బల్లి ఒక్కటే.

ఊరికి నీళ్ళిచ్చే పంపు మాది. ఒకప్పుడు దాన్ని నడపడానికి గోడంత బోర్డు, దాని నిండా మీటలు ఉండేవి. ఇప్పుడంతా ఫోన్లోనే. ఆఫీసువాళ్ళు తలా ఒక ఫోన్ ఇచ్చారు. వేలు పెడితే తెరుచుకుంటుంది, నొక్కితే పంపు తిరుగుతుంది. "ఎంత భద్రమో చూడండి, మీ వేలు మీకు తప్ప ఇంకెవరికీ ఉండదు" అని ట్రైనింగు రోజున ఇంజినీరమ్మ చెబితే అందరికంటే గట్టిగా తలూపింది నేనే. అర్థం కానప్పుడు నా తల అలాగే ఊగుతుంది.

పంపు పక్కన బావి. నలభై అడుగుల సిమెంటు గొయ్యి. అడుగున జల్లెడ. దానికి నాచు పడితే మనిషి దిగి గీకాలి. దిగేముందు తన ఫోన్లో బావికి తాళం వెయ్యాలి. తాళం ఉన్నంతసేపూ లోపలికి నీళ్ళు రావు. పైకొచ్చాక మళ్ళీ తనే వేలు పెట్టి తియ్యాలి. తీసిన మరుక్షణం వాల్వు దానంతటదే తెరుచుకుంటుంది, బావి నిండుతుంది. ఫోన్ని గట్టున మేకుకి తగిలించి దిగుతాం. చెప్పులు కూడా గట్టునే విడుస్తాం. చెప్పులున్నాయంటే లోపల మనిషి ఉన్నట్టు.

దిగే పని మా బావది, అంటే అక్క మొగుడిది. అందరూ మేస్త్రి అనేవాళ్ళు. ఇనుమూ గ్రీజూ పట్టుకుని ఆయన వేళ్ళ మీది గీతలన్నీ అరిగిపోయాయి. ఫోన్ ఆయన్ని ఒక పట్టాన గుర్తుపట్టేది కాదు.

"మీ అక్క కూడా తలుపు దగ్గర ఇన్నిసార్లు 'ఎవరు' అని అడగదురా" అని విసుక్కుని, ఒకరోజు, "బామ్మర్దీ, నీ వేలు కూడా ఎక్కించు దీన్లో. తియ్యమన్నప్పుడు తీద్దువుగాని" అన్నాడు.

ఎక్కించాను. బావ ఫోన్లో నేను 'వేలు 2'. నాకదో ప్రమోషన్‌లా అనిపించింది.

తొమ్మిది నెలల కిందట ఒక వానరోజు, ఫోన్ తడుస్తుందని బావ దాన్ని నా టేబుల్ మీద పెట్టి దిగాడు. ఎప్పుడూ నాలుగింటికల్లా పైకొచ్చేస్తాడు. నాలుగైంది. నా గదికీ బావికీ యాభై అడుగులు. వాన. నేను లేవలేదు. వచ్చేసుంటాడులే అని వేలు పెట్టాను.

చెప్పులు గట్టునే ఉన్నాయి. తెగిన కుడి చెప్పుకి నీలం వైరుతో ముడి.

రిజిస్టరులో వేళ్ళ సంగతి రాదు, ఫోన్ ఎవరిదో ఆ పేరే వస్తుంది. "ఆయన ఫోనే, ఆయన వేలే. తాళం తీశాక ఏదో మర్చిపోయి మళ్ళీ దిగుంటాడు" అని విచారణకొచ్చినవాళ్ళు రాసుకున్నారు. నేను తలూపాను. ఈసారి అర్థమయ్యే ఊపాను.

అప్పట్నించీ ఎవరడిగినా అక్కది ఒకటే మాట, "ఆయనకి తొందరెక్కువ" అని. బావకి తొందరా! ఒక్కో ముద్దా ముప్పైసార్లు నమిలే మనిషి.

మొన్న ఆదివారం జల్లెడ మూసుకుపోయింది. బావ స్థానంలో వచ్చిన కుర్రాడు సెలవు. "మీరే దిగండి, అరగంట పని" అంది ఇంజినీరమ్మ ఫోన్లో. నేను వేసిన తాళాన్ని రెండుసార్లు చూసుకున్నాను. మూడోసారి బల్లిని సాక్ష్యానికి పిలుద్దామనుకున్నాను. చెప్పులు విడిచి దిగాను.

మెట్లు కావవి, గోడలోకి దిగ్గొట్టిన కడ్డీలు. ఒక్కో కడ్డీకీ వెలుతురు కాస్త చొప్పున తగ్గుతోంది. పైన ఆకాశం పళ్ళెమంత అయింది, తర్వాత గిన్నెమూతంత, అడుగుకి చేరేసరికి బొత్తామంత. నాచు వాసన. తుప్పు వాసన. వాటి అడుగున ఇంకోటి... పాత గ్రీజు వాసన. నా చేతులకి గ్రీజు లేదు.

రేకుతో గీకడం మొదలెట్టాను. గర్ర్... గర్ర్... చెయ్యి నొప్పెట్టి ఆపాను.

గర్ర్.

ఒకటి ఎక్కువైంది.

గోడల్లో చప్పుడు తిరుగుతుందిలే అనుకున్నాను. నాకు నేను సర్దిచెప్పుకోవడంలో నన్ను మించినవాడు లేడు. మళ్ళీ రేకు ఎత్తాను. అప్పుడు పైనుంచి...

టింగ్.

తాళం తీస్తే ఫోన్ చేసే చప్పుడది.

"ఎవరది?" అన్నాను. పైన ఎవరూ ఉండరు. గేటుకి గొళ్ళెం పెట్టింది నేనే. గోడలో వాల్వు మోటారు మూలిగింది. పాదాలకి చల్లగా తగిలింది. చీలమండలు... మోకాళ్ళు...

ఎక్కాను. నడుం దాకా నీళ్ళు, వెనకనుంచి తోస్తున్నాయి. కడ్డీలన్నీ తడి. చేతులు జారుతున్నాయి. నీళ్ళింకా అంత ఎత్తుకి రాలేదు... పై కడ్డీలెందుకు తడిగా ఉన్నాయి?

ఫోన్ మేకుకే వేలాడుతోంది. మళ్ళీ తాళం వేశాను. నీళ్ళు ఆగాయి. వేళ్ళ జాబితా తెరిచాను. అందులో ఉండాల్సింది నా బొటనవేలు ఒక్కటే.

వేలు 1.

వేలు 2.

ఇంజినీరమ్మకి ఫోన్ చేస్తే, "మీ ఫోనే, మీ వేలే కదండీ. ఇంకెవరు తీస్తారు?" అంది. ఆ మాట ఇదివరకే విన్నాను. తలూపబోయాను. ఊగలేదు.

సాయంత్రం డ్యూటీవాణ్ణి గడియారం అంటాం, జన్మలో టైముకి రాలేదు కాబట్టి. వాడొచ్చాక నా తాళం తీసి, పంపు అప్పజెప్పి, చెప్పులేసుకుని తడిబట్టలతోనే అక్క ఇంటికి పోయాను. కుట్టుమిషన్ దగ్గర ఉంది.

"ఏరా, బట్టలు విప్పకుండానే స్నానం చేశావా?"

"అక్కా, బావ ఫోన్ ఒకసారి ఇలా ఇవ్వు."

ఆఫీసువాళ్ళు వెనక్కి అడగని ఆ ఫోన్ని రోజూ చార్జింగు పెడుతుంది. తెర మీద బావ ఫొటో ఒక్కటే కనిపిస్తుంది. "లోపల బోలెడున్నాయిరా, నా వేలికి తెరుచుకోదు" అని ఈ తొమ్మిది నెలల్లో నా ఎదురుగానే ఎన్నిసార్లు అందో.

వేలు పెట్టాను. మొదటిసారికే తెరుచుకుంది.

అక్క ఫోన్ని చూసింది. నా వేలిని చూసింది. మిషన్ ఆగింది.

"ఆవేళ నాలుగింటికి..." అన్నాను. "వాన పడుతోందని... లేచి చూడలేదక్కా."

తిడితే బాగుండేది. తిట్టలేదు. "అయితే ఆయనకి తొందర లేదన్నమాట" అంది, దారం తెంపుతూ.

చేతిలో ఫోన్ అదిరింది. తెర మీద అక్షరాలు: 'బావికి తాళం పడింది. వేసినవారు: మేస్త్రి. లోపల: ఒకరు.' బావ ఫోన్‌కున్న ఆ పేరు ఆఫీసువాళ్ళు ఎప్పుడో తీసేశారు.

అంతలో నా ఫోన్ మోగింది. గడియారం.

"ఒరేయ్, పంపు ఆగిపోయింది. బావిలో మనిషున్నాడంటోంది. మళ్ళీ దిగావా ఏంటి? చెప్పులు ఇక్కడే ఉన్నాయి."

నా కాళ్ళ వంక చూసుకున్నాను. "నావి నా కాళ్ళకే ఉన్నాయిరా."

"మరి ఈ నీలం వైరు కట్టినవి ఎవరివి?"

బావ ఫోన్ తెర మారింది. 'పైకి వచ్చారా? వేలు పెట్టండి.' పాడు అలవాటు, నా బొటనవేలు దానంతటదే లేచింది. అక్క నా మణికట్టు పట్టుకుంది.

"ఈసారి చూసి తియ్యి."

ఇంటికి తాళం వేసి నాతో వచ్చింది. బావ ఫోన్ నా చేతిలోనే ఉంది. బావి దగ్గర గడియారం ఇరవై అడుగుల దూరంలోనే ఆగిపోయాడు. గట్టున చెప్పులు, జంటగా, బావికేసి తిరిగి. టార్చి వేశాను. నల్లటి నీళ్ళు. అంతే.

"బావా..." ఆ రోజు అడగాల్సింది ఇప్పుడడిగాను. "అయిందా?"

నేను వేలు పెట్టలేదు. అక్క ఫోన్ని ముట్టుకోలేదు.

టింగ్.

వాల్వు మోటారు మూలిగింది. టార్చి గట్టు మీదికి తిప్పాను. చెప్పులు లేవు.

అక్క అప్పటికే వెనక్కి తిరిగి గబగబా నడుస్తోంది.

"అక్కా! ఎక్కడికి?"

"ఇంటికి తాళం వేసి వచ్చాను కదరా" అంది ఆగకుండా. "ఆయన దగ్గర తాళంచెవి లేదు."