పాటలో లేని రెండు గళ్లు

ఆమె తన వదిన వాయించే ప్యాడ్‌ను తుడుస్తోంది. ఎనిమిది వరుసలు, వరుసకు ఎనిమిది రబ్బరు గళ్లు. వేలితో నొక్కితే గడిలోంచి పాట ముక్క మోగుతుంది, కింద లైటు వెలుగుతుంది. ఏ లైటు ఏ రంగులో, ఎంతసేపు వెలగాలో చెప్పే సాఫ్ట్‌వేర్ ఆమె రాసిందే. బయటివాళ్లకు ఆమె లైట్ల ప్రోగ్రామర్. గూఢచారి డిపార్ట్‌మెంట్‌లో కోడ్ నేమ్ మిణుగురు.

వదిన చేతులకు తెగ క్రీము రాస్తుంది. అందుకే రోజూ తుడవాలి. మూడు నెలలుగా తుడిచీ తుడిచీ, ఏ గడి మీద మరక ఉంటుందో మిణుగురు చూడకుండా చెప్పగలదు.

ఈ రోజు రెండు మరకలు ఎక్కువున్నాయి. కింది నుంచి రెండో వరుసలో ఏడో గడి, ఐదో వరుసలో మూడో గడి. ఆ రెండూ పాటలో లేవు.

గుడ్డ పక్కన పెట్టి ల్యాప్‌టాప్ తెరిచింది. సాయంత్రం షో కోసం వదిన నిన్న తయారుచేసుకున్న లైట్ ఫైల్‌ను ఫ్రేము ఫ్రేముగా నడిపింది. పాట అయిపోయి లైట్లన్నీ ఆరాక, ఆ రెండు గళ్లు వరసగా ఒక్కో ఫ్రేము వెలిగాయి. బ్రైట్‌నెస్ ఒకటి, అన్నిటికన్నా తక్కువ. కంటికి ఆనదు, మంచి కెమెరాకు ఆనుతుంది.

ముందు వరుస, తర్వాత గడి. అదే గడి నంబరు. ఇరవై ఏడు, యాభై మూడు.

ఇరవై ఏడో వీధి, యాభై మూడో ఇల్లు. అన్నయ్య దాక్కున్నది అక్కడే. విదేశీ ముఠా మీద ఎల్లుండి సాక్ష్యం చెప్పాలి. ఆ ఇల్లు ఆమెకూ చీఫ్‌కూ తప్ప ఎవరికీ తెలియదు, అతని భార్య అయిన వదినకు కూడా.

మిణుగురు తన బ్యాగు పక్క జేబు తడిమింది. అన్నయ్య చొక్కాలకు లాండ్రీవాళ్లిచ్చిన చీటీ, మీద ఆ ఇంటి అడ్రసు. ఆమె నాలుగు మడతలు పెట్టిన చీటీ ఇప్పుడు రెండే మడతల్లో ఉంది, ఎవరో విప్పి చూశారు. తప్పు తనదే.

ఏడుపు రాలేదు. తిమ్మిరెక్కిన చెయ్యిని గిల్లినట్టుంది. ఫోన్ తీసింది.

"సార్, చొక్కాకు మరక పడింది."

"ఎవరి చొక్కా?" అన్నాడు చీఫ్.

"అన్నయ్యది. వేసింది ఇంట్లో మనిషే."

రెండు లైట్ల సంగతి చెప్పింది. ఆ మనిషెవరో చీఫ్‌కు అర్థమైంది. రెండేళ్ల కిందట వదినను డబుల్ ఏజెంట్‌గా ముఠాలోకి పంపింది ఆయనే.

"ఆ లైట్లు చూసేవాళ్లెవరో నాకు కావాలి. షో ఆపకు. అన్నయ్యను కదిలిస్తే పసిగడతారు."

"వాళ్లు ఆ ఇంటికే వెళ్తారు కదా సార్."

"వెళ్లకుండా చూడు. లైట్లు నీవే కదమ్మా."

ఫైల్ మారిస్తే వదిన కనిపెడుతుంది. మిణుగురు సాఫ్ట్‌వేర్‌లో ఒకే ఒక్క లైను కలిపింది. బ్రైట్‌నెస్ ఒకటి ఉన్న లైట్లు మాత్రం, ప్యాడ్‌ను అటుది ఇటు తిప్పి పెట్టినట్టు, వరుసా గడీ రెండూ అవతలి చివరి నుంచి లెక్కపెట్టి వెలగాలి. ఇరవై ఏడు కాస్తా డెబ్బై రెండవుతుంది, యాభై మూడు నలభై ఆరు. డెబ్బై రెండో వీధి, నలభై ఆరో నంబరు ఒక ఖాళీ గోడౌన్. నాలుగింటికల్లా అందులో డిపార్ట్‌మెంట్ వాళ్లు పన్నెండు మంది మాటు వేశారు.

ఆరింటికి హాలు నిండింది. వదిన వెండిరంగు గౌనులో మెరిసిపోతోంది.

"ఏమ్మా, ఆ మొహమేంటి? షో నీదా, నాదా?"

"తలనొప్పి వదినా."

"మీ అన్నయ్య నయం. ఇక్కడుంటే ఈపాటికి కుర్చీలో గురక పెడుతుండేవాడు."

నవ్వుతూనే వదిన పెన్‌డ్రైవ్ తీసి, ప్యాడ్‌లోకి పాత సాఫ్ట్‌వేర్ మొత్తం మళ్లీ ఎక్కించింది. ముందెప్పుడూ అలా చేయలేదు. మిణుగురు కలిపిన లైను చెరిగిపోయింది.

పాట మొదలైంది. నాలుగు నిమిషాలు. తెర వెనక మిణుగురు ఆ లైను మళ్లీ టైప్ చేసింది. అది ప్యాడ్‌కు చేరడానికి రెండు సెకన్లు కావాలి, ఆ రెండు సెకన్లూ ఏ గడీ నొక్కకూడదు. పాటలో అలాంటి చోటు ఒకటే ఉంది, చిట్టచివర. వదిన చేతులు పైకెత్తి, జుట్టు వెనక్కి తోసి, జనాన్ని ఊరించే చోటు.

చేతులు లేచాయి. మిణుగురు ఎంటర్ నొక్కింది. యాభై శాతం. తొంభై. వదిన వేలు గడి మీదికి దిగుతుండగా నూరు.

లైట్లన్నీ ఆరాయి. చీకట్లో ఎవరికీ ఏమీ కనబడలేదు. చప్పట్లు మాత్రం మోగాయి.

ఇంటికొచ్చి మిణుగురు మళ్లీ గుడ్డ పట్టుకుంది. ఫోన్ మోగింది.

"చొక్కా శుభ్రం," అన్నాడు చీఫ్. "వచ్చిన ఐదుగురూ గోడౌన్‌లో దొరికారు. మనవాళ్ల కారు మీ గుమ్మం ముందుంది."

వదిన వచ్చి భుజం మీదుగా తొంగి చూసింది. అరవై రెండు గళ్లు తళతళలాడుతున్నాయి. రెండింటి మీద మరకలు అలాగే ఉన్నాయి.

"అవి వదిలేశావేం?"

"పాటలో లేవుగా వదినా."

వదిన ఆ రెండు గళ్లనూ చాలాసేపు చూసింది. తర్వాత చెప్పులేసుకుంది. అలమారలోంచి క్రీము డబ్బా తీసి బ్యాగులో పడేసుకుని, గుమ్మం దిగి, తలుపు తెరిచి ఉన్న కారు వైపు నడిచింది. ఇక ఆ క్రీము మరకలను వేలిముద్రలు తీసే పోలీసులే తుడుచుకోవాలి.