మైకు తీసినా ఆగని రొద

ఫిబ్రవరి పదకొండు, మంగళవారం. ఆ పొద్దున మారక్క ఉగ్గాని చేసి, పైన పప్పుల పొడి చల్లి, పక్కన మిరపకాయ బజ్జీలు పెట్టింది. ఆ తేదీ, ఆ పళ్లెం వెంకటప్పకు మరుపు రావడం లేదు. కూతురికి ఆయన అబద్ధం చెప్పింది ఆ సాయంత్రమే.

"నాయనా, హిందూపురం అంగడాయనకు ఫోన్ చేసినా. కంప్యూటర్ లోపల బిగించే సౌండ్ కార్డు వద్దు. బయట పెట్టుకునే చిన్న డబ్బా ఉంటాది. మైకు దాంట్లోకి పోతాది, దాన్ని వైరుతో కంప్యూటర్‌కు తగిలిస్తే సాలు. అది తే" అంది వైష్ణవి బజ్జీ తుంచుతూ.

"రెండిటికీ తేడా ఏమే?" అడిగింది మారక్క. ఆమె వెంకటప్పకు అక్క. ఆయన భార్య ప్రమీల పోయాక ధర్మవరంలోని ఈ ఇంటికి వచ్చేసింది. తన మగ్గాన్ని కూడా తెచ్చుకుని ముందు గదిలో వేసుకుంది.

"కంప్యూటర్ లోపల కరెంటు రొద ఉంటాదత్తా. కార్డు ఆ రొదలోనే కూర్చుంటాది. డబ్బా అయితే ఎడంగా ఉంటాది. గొంతు శుభ్రంగా వస్తాది."

"నీ గొంతుకు డబ్బా ఎందుకే? నువ్వు పుట్టిన దినం నీ ఏడుపుకు ఈదంతా లేసి కూర్చునింది."

ముగ్గురూ నవ్వారు. వైష్ణవి కథలు చదివి రికార్డు చేస్తుంది. బెంగళూరులో కథలు వినిపించే కంపెనీ ఒకటి ఆమెను నమూనా పంపమంది. నచ్చితే ఏడాది పొడుగునా పని. చదువు ముగిసినప్పటినుంచి ఆమె కోరుకున్నది అదే.

హిందూపురంలో అంగడి నడిపే క్రాంతి కుమార్ రెండూ బల్ల మీద పెట్టాడు.

"మీది పాత కంప్యూటర్ అంటాండారు గదా, డబ్బానే మేలు సార్. ల్యాప్‌టాప్‌కు గూడా పనికొస్తాది. పాప యాడికి పోయినా సంచిలో ఏసుకొని పోవచ్చు."

ఆ చివరి మాట దగ్గర వెంకటప్ప చెయ్యి ఆగింది. రోజూ సాయంత్రం పక్క గదిలో వైష్ణవి చదువుతుంటే, ఆయన తన గది తలుపు ఓరగా తెరిచి పెట్టుకుని పడుకుంటాడు. ఆ సందులోంచి వచ్చే గొంతే ప్రమీల లేని ఇంట్లో ఆయనకు తోడు. ఆ తోడు సంచిలో పడి ఎటో వెళ్లిపోవడం కళ్లముందు కనబడింది. కార్డయితే ఇంట్లో కంప్యూటర్‌ను వదిలి పోదు.

"కార్డే ఇయ్యప్పా" అన్నాడు.

ఇంటికొచ్చి, "డబ్బా ఎవరో కొనుక్కపోయినారంటమ్మా, స్టాకు లేదంట" అన్నాడు.

వైష్ణవి ముఖం ఒక్క క్షణం చిన్నబోయింది. "పోనీలే నాయనా. ఎండన పడి పోయొచ్చినావు" అంటూ మజ్జిగ తెచ్చి ఇచ్చింది. ఆయన గ్లాసు పక్కన పెట్టి, సంచిలోంచి కార్డు తీసి ఇచ్చాడు.

మొదటి నమూనాకు జవాబు వచ్చింది. గొంతు బాగుంది, వెనక ఏదో రొద ఉంది, మళ్లీ పంపమన్నారు. రొద అనగానే ఇంట్లో అందరి చూపూ మగ్గం వైపు తిరిగింది. వెంకటప్ప చూపు కూడా తిరిగింది, తెలిసే తిరిగింది.

ఆ రోజునుంచి వైష్ణవి మైకు ముందు కూర్చుంటే మారక్క నాడె పక్కన పెట్టి నేత ఆపేసేది. నేతగాళ్ల వీధిలో పగటిపూట మగ్గం ఆగిందంటే ఎవరికో ఒంట్లో బాగలేదని అర్థం. ఎదురింటి శోభారాణి మిరియాల కషాయం పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

"ఏం మారక్కా, జరమా?"

"జరం లేదు, ఏం లేదు. మా పాప కతలు సెప్తాంది. నేను నోరు, మగ్గం రెండూ మూసుకొని కూర్చునుండా."

కషాయం వృథా కాలేదు. వైష్ణవి తాగింది. రెండో నమూనా కూడా తిరిగొచ్చేసరికి, కొత్త కార్డు రొద అంత ఉండదులే అనుకుని, ఆమె తన గొంతునే అనుమానించడం మొదలుపెట్టింది. చల్లనీళ్లు మానేసింది, పెరుగు మానేసింది. ఆమె పెరుగు గిన్నె పక్కకు నెట్టిన ప్రతిసారీ వెంకటప్ప తల దించుకుని అన్నం కలుపుకున్నాడు. చెబుదామని రెండు మూడుసార్లు నోరు తెరిచి, ఉప్పు అందుకోమన్నాడు.

మూడో నమూనాయే ఆఖరుది అని కంపెనీ రాసింది. ఆ సాయంత్రం మారక్క మగ్గం మీద దుప్పటి కప్పి వచ్చింది.

"ఒరే వెంకటా, రేపు మగ్గాలు బిగించే ఎర్రిస్వామిని పిలువు. మగ్గం ఇప్పేయిద్దాం. చీర ఆలస్యమైందని షావుకారు ఎట్లాగూ మొగం మాడ్చుకోనుండాడు. పాప బతుకు ముఖ్యం."

"వద్దత్తా!" వైష్ణవి లేచి నిలబడింది. "నా కోసం నువ్వు మగ్గం ఇప్పితే నాకు నోరు పెగలదు. నేనే మానేస్తా. నా గొంతులోనే ఏదో తప్పుండాది."

"నోరు మూయ్! నీ గొంతుకేమే?"

వెంకటప్ప లేచాడు. కంప్యూటర్ దగ్గరికి వెళ్లి, మైకు వైరు లాగి పక్కన పెట్టాడు. రికార్డింగ్ మొదలుపెట్టి, హెడ్‌ఫోన్ తెచ్చి అక్క చెవులకు తగిలించాడు.

"ఏమి వినపడతాందక్కా?"

"జుయ్యిమంటాంది."

"మగ్గం ఆగిపోయుండాది. మైకు గూడా తీసేసినా. మరి ఆ రొద యాడిది?"

మారక్క అర్థంకాక చూసింది. వైష్ణవికి అర్థమైంది.

"కార్డుది" అన్నాడు వెంకటప్ప. "డబ్బా స్టాకు ఉండిందమ్మా. నేనే తేలేదు. అదుంటే నువ్వు యాడికైనా పోతావని..."

"ఇన్నాళ్లూ నా గొంతును నేనే తిట్టుకుంటాంటే చూస్తా కూర్చున్నావా నాయనా?"

వైష్ణవి తన గదిలోకి పోయింది. మారక్క హెడ్‌ఫోన్ తీసి తమ్ముడి చేతిలో పెట్టింది.

"నేను సచ్చినానేమో అని ఈదిలోవాళ్లు తొంగి సూసిరి గదరా!" అని, కాసేపటికి గొంతు తగ్గించి, "కూడు తిను. తినకపోతే తప్పు తగ్గుతాదా?" అంది.

తెల్లారి ఆయన హిందూపురం ప్యాసింజరు ఎక్కాడు. బండి కదిలేముందు ఎవరో వచ్చి పక్కన కూర్చున్నారు. వైష్ణవి. కిటికీవైపే చూస్తూ ఉంది. పెనుకొండ కొండ కనబడ్డాక ఆయన వైపు తిరిగింది.

"టీ తాగినావా?"

"లేదమ్మా."

టీ అబ్బాయిని పిలిచి రెండు తీసుకుంది. ఒకటి ఆయనకు ఇచ్చింది. అంతటి దయ తనకు చెందదని ఆయనకు తెలుసు. అయినా రెండు చేతులతో అందుకున్నాడు.

డబ్బా కొన్నారు. తిరుగు ప్రయాణంలో వైష్ణవి దాన్ని ఒళ్లో పెట్టుకుని అంది. "పెనుకొండలో నాతో చదువుకున్న రాణి వాళ్ల మేడమీద గది ఖాళీగా ఉండాది. ఆడ మగ్గాలు లేవు. పని దొరికితే వారంలో నాలుగు దినాలు ఆడుంటా. అత్త మగ్గం ఇంక ఆగకూడదు."

ఆయన ఆ డబ్బా వైపు చూశాడు. "పో తల్లీ. సంచి నేనే మోసుకొచ్చి దింపుతా" అన్నాడు.

ఆ సాయంత్రం మారక్క పొద్దుగూకేదాకా నేసి, నేత ముగించి లేచింది. అప్పుడు వైష్ణవి కంప్యూటర్‌కు డబ్బా తగిలించి, ఒక పేజీ చదివి, హెడ్‌ఫోన్ తండ్రికి ఇచ్చింది. రొద లేదు. కూతురి గొంతు, ప్రతి వాక్యానికి ముందు ఆమె తీసుకునే చిన్న ఊపిరి. ఇన్నాళ్లూ తలుపు సందులోంచి ఆ ఊపిరి ఆయనకు ఒక్కసారీ వినపడలేదు. వెంకటప్ప కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"కోపం పోలేదు నాయనా" అంది వైష్ణవి ఆయన భుజం మీద చెయ్యి వేసి. "పోతాది లే. ఇప్పుడు నమూనా మొత్తం చదవల్ల. నీ తలుపు తెరిచే పెట్టుకో, ఈ పొద్దుకు వినపడనీ."

ఆయన తన గదిలోకి వెళ్లాడు. పక్క గదిలో ఆమె గొంతు సవరించుకుంది. తన అలికిడి ఆమె మైకులోకి పోకూడదని, వెంకటప్ప గడియ చప్పుడు కాకుండా వేలితో పట్టుకుని, తలుపు మెల్లగా మూసేశాడు.