పాలు పొంగినా చిలకమ్మదే తప్పు

పొద్దున్నే పాలు పొంగి బొగ్గుల పొయ్యి మీద పడ్డాయి. పక్క క్వార్టరావిడతో గోడ మీంచి కబుర్లు చెబుతున్న దాలమ్మ పరుగెత్తుకొచ్చేసరికే, కూతురు చిలకమ్మ మూలన మోకాళ్ళ మీద నిలబడి రెండు చెవులూ పట్టుకుంది.

"గలతీ మేరీ హై, అమ్మా. నా తప్పే."

"నీ తప్పేటే? పాలెట్టింది నాను, మరిసిపోనాది నాను! లేగు ముందు!" దాలమ్మ నెత్తి కొట్టుకుంది.

మూడు నెలలుగా ఇదే వరస. కుళాయి రాకపోయినా, తండ్రి డ్యూటీ నుంచి ఆలస్యంగా వచ్చినా, బాగ్‌బేరా కాలనీలో ఎక్కడ కుక్క అరిచినా ఈ పిల్లదే తప్పు! చెప్పీ చెప్పీ దాలమ్మ నోరు పడిపోతోంది.

అయినా పిల్లనని ఏం లాభం? సంబంధాలు తప్పిపోతున్నాయి, దోషం పోవాలంటూ టాటానగర్ రైల్వే యార్డులో ఫిట్టరు పోలయ్యే కూతుర్ని తీసుకెళ్ళి నది అవతల స్వామి ఆశ్రమంలో దింపాడు. రెండేళ్ళు! అక్కడ పస్తులు పెట్టారు, బెత్తంతో కొట్టారు, ఎవరికి ఏ కీడు జరిగినా నీ పాపమేనని నూరిపోశారు, చెవులు పట్టించి 'గలతీ మేరీ హై' అనిపించారు. చివరికి మూడు నెలల కిందట దాలమ్మే వెళ్ళి, వాకిట్లో బైఠాయించి, నానా యాగీ చేసి పిల్లను తెచ్చుకుంది.

పొయ్యి తుడవనైనా లేదు, ఆశ్రమంలో పెత్తనం చేసే సరస్వతమ్మ ఊడిపడింది. మంచం మీద సర్దుకుని కూర్చుంది.

"స్వామివారికి పది రోజులుగా జ్వరం. చిలకమ్మ వచ్చేసిన పాపమే. నలభై రోజులు ప్రాయశ్చిత్తం చేసుకోవాలి."

నైట్ డ్యూటీ దిగి అప్పుడే వచ్చిన పోలయ్య మొహం పాలిపోయింది. "పోనీ, ఓపాలి ఎల్లి కాళ్ళ మీద పడి వచ్చేత్తే..."

"సిగ్గు నేదా నీకు? జొరమొత్తే డాక్టరుకాడికి ఎల్లమను! మళ్ళీ పిల్లని పంపినావా, నానీ ఇంట్లో ఉండను!" మొగుడి మీద కస్సుమంది దాలమ్మ.

"ఆ అమ్మాయినే అడగండి. తన పాపం తనకు తెలుసు," అంది సరస్వతమ్మ ధీమాగా.

దాలమ్మకు భయం పట్టుకుంది. ఇది వెళ్తానంటే ఆపేదెవరు?

చిలకమ్మ మూలలోంచి ముందుకొచ్చింది.

"నానున్నప్పుడూ స్వామికి జొరమొచ్చింది. అప్పుడూ నా పాపమే అన్నారు. ఉన్నా నా పాపమే, నేకపోయినా నా పాపమేనా? నాను రాను."

కళ్ళు పోతాయని శాపనార్థాలు పెడుతూ సరస్వతమ్మ వెళ్ళిపోయింది.

"పోనీలే తల్లీ, అంతా మన కరమ," అన్నాడు పోలయ్య.

"కరమ కాదు నాయినా. నువ్వే దింపినావు. తిన్నావా అని అడగడానికి ఒక్కనాడూ రానేదు."

దాలమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. ఆ పిల్ల తప్పు ఇంకొకరిదని అనడం ఆమె వినడం అదే మొదలు. ఏడుపూ వచ్చింది, ఎక్కడలేని సంతోషమూ వచ్చింది.

పోలయ్య వచ్చి కూతురి ముందు నేల మీద కూర్చున్నాడు.

"అవునమ్మా. తప్పు నాదే. నీది కాదు."

చిలకమ్మ తండ్రి పక్కన కూలబడి భోరుమంది.

"ఇంకోపాలి సెప్పు, నాయినా," అంది వెక్కుతూ.

పోలయ్య మళ్ళీ చెప్పాడు.