మంగయ్య బల్లకట్టు

పొద్దున్నే ఆండాళు కొత్త చీర కట్టుకుని, లడ్డూల డబ్బా సంచిలో సర్దుకోవడం చూసి మంగయ్య చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

“యాడికి?”

“నవనీత దగ్గరికి. ఇయ్యాల మనుమరాలిని తొట్టెల ఏస్తున్నరు.”

“ఆ గడప తొక్కొద్దని చెప్పిన కదా!”

“చెప్పినవ్. ఇన్నేండ్లు విన్న. ఇగ వినను.”

హుజూర్‌నగర్‌లోని ఆ చిన్న ఇంట్లో ఆమె ఎదురు చెప్పడం అదే మొదటిసారి.

మంగయ్య తండ్రి కృష్ణా రేవులో తెడ్డు పడవ నడిపాడు. మంగయ్య రెండు పెద్ద పడవలను జతచేసి, మీద బల్లలు పరిచి, ఇంజన్ బిగించి బల్లకట్టు సర్వీసు పెట్టాడు. ధాన్యం లారీలు, మిర్చి బస్తాలు, గొర్ల మందలు, పెళ్లివాళ్లు అందరూ దాని మీదే నది దాటేవారు. రేవులో అతనికి రాజుకున్నంత మర్యాద. తర్వాత వంతెన పడింది. నెల తిరగకుండానే సర్వీసు మూతపడింది. ఆ వంతెన పనికి సూపర్‌వైజరుగా వచ్చిన మధునే కూతురు నవనీత ఇష్టపడి పెళ్లి చేసుకుని, అవతలి ఒడ్డున కాపురం పెట్టింది. ఆనాటి నుంచి మంగయ్య ఆమె పేరెత్తలేదు, వంతెన ఎక్కలేదు.

“నా బల్లకట్టును ముంచినోని ఇంట్ల లడ్డూలు పంచుతవా?” అని అరిచాడు. “నా నోట్ల మన్ను కొట్టిండు వాడు! పోయినవంటే మళ్ల ఈ ఇంటికి రాకు!”

ఆండాళు సంచి కింద పెట్టింది. మెత్తబడిందనుకున్నాడు. కానీ ఆమె అతని ఎదురుగా వచ్చి నిలబడింది.

“ఆ బ్రిడ్జి పడ్డనాడు నేను గుళ్లె కొబ్బరికాయ కొట్టిన. తెలుసా నీకు?”

మంగయ్య బిత్తరపోయాడు.

“వరదల ఇంజన్ ఆగి బల్లకట్టు కొట్టుకపోయినప్పుడు, పసిపిల్లను సంకనేసుకొని ఒడ్డెంబడి ఉరికిన. నువ్వు అందర్ని బయటపడేసినవ్. జనం నీకు దండలేసిండ్రు. నన్నెవరు సూసిండ్రు? తెల్లారి మళ్ల నీళ్ల మీదికే పోయినవ్. గప్పటి సంది నువ్వు ఇంటికొచ్చేదాక నాకు ముద్ద దిగలే. నీ బతుకుదెరువు పోయింది, నిజమే. నాకైతే మొగడు దక్కిండు.”

“ఒక్కనాడన్నా చెప్పకపోతివి...”

“చెప్తే ఇనేటోనివా?”

మంగయ్య వంతెనను తిట్టినప్పుడల్లా ఆండాళు పక్కనే తల వంచుకుని కూర్చునేది. తనతోపాటు ఆమె కూడా కుమిలిపోతోందనే ఇన్నేళ్లూ అనుకున్నాడు.

ఆమె కళ్లు తుడుచుకుని సంచి అందుకుంది. మంగయ్య లేచి, దండెం మీది తెల్లచొక్కా తీసుకున్నాడు.

ఆటో వంతెన ఎక్కగానే అతను కడ్డీని గట్టిగా పట్టుకున్నాడు. కింద నది నిండుగా పారుతోంది. ఆండాళు అతని చేతి మీద చెయ్యి వేసింది. అతను తీసెయ్యలేదు.

తలుపు తీసిన మధు “రండి మామయ్యా” అంటూ పక్కకు జరిగాడు. పాపను ఎత్తుకుని వస్తున్న నవనీత తండ్రిని చూసి ఆగిపోయింది.

“నాయినా...”

మంగయ్య చేతులు చాచాడు. పాప చేతుల్లోకి రాగానే అతని కళ్లు నిండాయి.

“ఏం పేరు పెడుతుండ్రు?”

“నువ్వే పెట్టు నాయినా.”

మంగయ్య భార్య వైపు తిరిగాడు.

“మీ అమ్మ పెడ్తది బిడ్డా. ఇన్నేండ్లు దాన్ని నేను మాట్లాడనియ్యలే.”