సాయవ్వ ఫోన్ పెట్టేసిన రోజు

ముందుగా ఒక తప్పు ఒప్పుకుంటాను. ఈ కథలో నవ్విన జనంలో నేనూ ఉన్నాను. అప్పుడు నాది ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. హబ్సిగూడ హాస్టల్లో నేనూ నా రూమ్మేటూ ఒకే ఇయర్‌ఫోన్స్ చెరొక చెవిలో పెట్టుకుని, ఎఫ్ఎంలో 'సాయవ్వ ఫోన్' అనే ప్రాంక్ కాల్స్ ప్రోగ్రాం వింటూ మంచం మీద దొర్లేవాళ్లం. ఆ ముసలావిడ గొంతు నా రింగ్‌టోన్ కూడా. కరెంటు ఎక్కడి నుంచి ఎక్కడికి పోతుందో పరీక్షలో పేజీలు పేజీలు రాసేదాన్ని గానీ, ఆ గొంతు ఎక్కడి నుంచి వచ్చిందో ఒక్కసారి కూడా అనుకోలేదు. అది దీప్తి అనే రేడియో అమ్మాయి నోటి నుంచి వచ్చేదని తర్వాత తెలిసింది. దీప్తికి ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు చెప్తాను.

2009 చలికాలం. తార్నాకలోని ఆ వీధిలో పొద్దున్న ఎనిమిదయ్యేసరికి ప్రతి ఇంట్లోనూ ఒకే స్టేషన్ మోగేది. ఈ చివర నుంచి ఆ చివరకు నడిస్తే ప్రోగ్రాం మొత్తం వినొచ్చు. ఒక కిటికీలో మొదలైన మాట పక్క కిటికీలో పూర్తయ్యేది. పాల ప్యాకెట్ కోసం వెళ్లిన దీప్తి, పొగమంచులో తన గొంతు తనకంటే ముందు నడుస్తుంటే, కలలో ఉన్నట్టు దాని వెనకే నడిచింది.

"హలో, నేనే మాట్లాడుతున్న!" అంటోంది కిటికీలోని సాయవ్వ. "నా బిడ్డ తప్పిపోయింది బిడ్డా. గాడ మీ దవాఖానల పండుకున్నదా, జర చూడరాదు?"

అవతల ఆస్పత్రి ఎంక్వయిరీ క్లర్క్ కంగారుగా పేరు అడిగాడు, వయసు అడిగాడు, ఏం కట్టుకుందని అడిగాడు.

"ఏం కట్టుకుంటది? మెడల తాడు కట్టిన. తెల్ల మేక!"

వీధి మొత్తం ఒక్కసారిగా నవ్వింది. పాలబ్బాయి సైకిల్ ఆపి మరీ నవ్వాడు. దీప్తికి ఒళ్లంతా వెచ్చగా అయింది. ఆ కాల్ వారం కింద రికార్డు చేసింది. ఇవాళ వేశారు.

ఇంటి మెట్ల మీద లచ్చవ్వ ఉల్లిగడ్డలు సగానికి కోసి గుడ్డసంచీలో వేస్తోంది. ఆ ఇల్లు ఆమెదే. రీసెర్చ్ ల్యాబులో తోటమాలిగా చేసిన ఆమె భర్త ఇన్నయ్య, ఇక్కడ బండరాళ్లు తప్ప ఏమీ లేనప్పుడు జాగా కొన్నాడట. ఆయన పోయాక కింద లచ్చవ్వా, తల్లి లేని మనవరాలు వనజా ఉంటున్నారు. పై వాటాలో ఇరవై ఏళ్లుగా దీప్తి వాళ్లు. గుంటూరు నుంచి వచ్చిన తల్లి రత్నమ్మ స్కూల్లో టీచర్, తండ్రి జాన్ రైల్వేలో క్లర్క్. ఇద్దరూ పొద్దున్నే పనికి పోతే, దీప్తిని చంకనేసుకుని పెంచింది లచ్చవ్వే. దీప్తి తొలి మాట 'అమ్మ' కాదు, 'గిది'. రత్నమ్మ ఇప్పటికీ ఆ సంగతి నవ్వకుండా చెప్పదు. అప్పట్లో మాత్రం నవ్వలేదు.

"అవ్వా, ఉల్లిగడ్డలెందుకు? కూర ఇవాళ ఊరందరికా?"

"క్యాంపస్ పోరగాండ్లకు బిడ్డా. పోలీసోల్లు పొగ గుండ్లు ఏస్తే కండ్లు మండుతయట. గిది వాసన చూస్తే జర తేటైతదట."

ఆకుపచ్చ స్వెటర్ వేసుకుంటూ వనజ బయటకొచ్చింది. రత్నమ్మ ఒకే ఊలుతో ఇద్దరమ్మాయిలకూ అల్లినవి అవి. వనజ యూనివర్సిటీలో ఎంఏ చేస్తోంది. ఆ నెలంతా చదువు కంటే ప్రత్యేక రాష్ట్రం కోసం ఊరేగింపులే ఎక్కువ.

"రేడియో మేడమ్‌గారూ, మీ మేక దొరికిందా?" అంది సంచీ భుజానికేసుకుంటూ.

"వెతుకుతున్నం. నువ్వు తప్పిపోకు."

"మా గొంతుతోని ఊరంతా నవ్వించినవ్. ఒక్కసారి మా కోసం నినాదం కూడా ఇవ్వరాదు?"

"రేడియోలో రాజకీయాలు వద్దన్నారే."

"మేకలు ఓకేనా?" అని నవ్వి, గేటు వేసి వెళ్లిపోయింది. మంచులో ఆకుపచ్చ స్వెటర్ కాసేపు కనపడి, కరిగిపోయింది.

మధ్యాహ్నం మూడింటికి దీప్తి స్టూడియో నుంచి తిరిగొచ్చింది. బస్సులు మెట్టుగూడ దగ్గరే ఆపేశారు. అక్కడి నుంచి నడక. క్యాంపస్ వైపు నుంచి గాలి వీస్తే కళ్లు చురుక్కుమంటున్నాయి. దుకాణాలు సగం షట్టర్లు దించాయి. ఏ కిటికీలోనూ రేడియో లేదు.

లచ్చవ్వ మెట్ల మీదే ఉంది. ఒళ్లో సెల్‌ఫోన్, దాని పక్కన వనజ స్నేహితురాలు కాగితం మీద రాసిచ్చిన నంబరు.

"లాఠీచార్జి అయిందట బిడ్డా. వనజ కానొస్తలేదు. దెబ్బలు తాకినోల్లను దవాఖానకు తీస్కపోయిన్రట. ఫోన్ చేసిన."

"ఏమన్నారవ్వా?"

"నవ్విండు."

"ఎవరు?"

"ఎత్తినాయన. నవ్వి పెట్టేసిండు. మూడు మాట్ల చేసిన. మూడో మాటు తిట్టిండు."

దీప్తి ఫోన్ లాక్కుని అదే నంబరు నొక్కింది. మళ్లీ అదే నంబరు చూసి, ఎత్తీ ఎత్తగానే అవతల క్లర్క్ అరిచాడు. "సాయవ్వా! మళ్లీ నువ్వేనా? ఇక్కడ రక్తాలు కారుతూ పిల్లలొస్తున్నారు. ఇవాళ కూడా మేకేనా? సిగ్గుండాలి! రికార్డు చేసుకుంటున్నావా? చేసుకో!"

"సార్, పెట్టేయకండి! ఇందాక మాట్లాడింది సాయవ్వ కాదు. అంటే... సాయవ్వను నేనండీ. ఆవిడ నిజంగానే..."

అవతల ఫోన్ పెట్టేయలేదు. 

"సార్, వనజ అనే అమ్మాయి. ఇరవై రెండేళ్లు. ఆకుపచ్చ ఊలు స్వెటర్."

ఈసారి అతని గొంతు చాలా చిన్నగా వచ్చింది. "పేరు తెలియని అమ్మాయొకరు ఉన్నారు. దవడకు దెబ్బ, మాట్లాడలేకపోతున్నారు. పదకొండింటి నుంచి ఇక్కడే ఉన్నారు. స్వెటర్ ఆకుపచ్చదే." కాస్త ఆగాడు. "ఆ పెద్దావిడ మొదటిసారి చేసింది పన్నెండింటికండీ."

 ఆటోలో, స్కూలు నుంచి అప్పుడే వచ్చిన రత్నమ్మ లచ్చవ్వ చెయ్యి పట్టుకుని ప్రార్థన చేస్తూనే ఉంది. వార్డులో వనజ దవడకు కట్టు. నాలుగు గంటలుగా అటూ ఇటూ పోయే కాళ్లనే చూస్తూ, తన పేరు చెప్పలేక పడుకుని ఉంది. జరిగిందంతా దీప్తి చెప్పింది. వనజ విని కళ్లు మూసుకుంది.

సాయంత్రం దీప్తి ఇల్లు చేరాక ఫోన్‌కి వార్డులోంచి వనజ మెసేజ్ వచ్చింది. "మేక దొరికింది. నవ్వుకో."

రెండు రోజులకు వనజను ఇంటికి తెచ్చారు. ఆ సాయంత్రం పై వాటాలో ఎవరూ లైటు వెయ్యలేదు. కింద గదిలో గోడ వైపు తిరిగి కూర్చున్న లచ్చవ్వ ముందు దీప్తి నిలబడి ఉంది. రత్నమ్మే మొదలుపెట్టింది.

"పిల్లది కావాలని చేసిందా చెప్పు లచ్చవ్వా? నలుగురూ నవ్వుకుంటారని సరదాకి చేసింది. నీ గొంతని ఎవరికి తెలుసు?"

"నాకెర్కనే," అంది లచ్చవ్వ.

గోడ వైపు నుంచి కదలకుండానే చెప్పుకుపోయింది.

"మొదటి దినం నుంచి ఎర్క. 'నేనే మాట్లాడుతున్న' అని ఫోన్ల నేను గాక ఎవలంటరు? నా బిడ్డ నా లెక్క మాట్లాడుతున్నదని మురిసిన. గల్లీల అందరికి చెప్పుకున్న." అప్పుడు దీప్తి వైపు తిరిగింది. "నవ్వేది మేకకనుకున్న బిడ్డా. నాకని ఎర్క లేకుండె."

దీప్తి ఆమె కాళ్ల దగ్గర కూలబడిపోయింది. లచ్చవ్వ తిట్టలేదు. చెయ్యి కూడా వెయ్యలేదు.

పైకి వచ్చాక రత్నమ్మ గొణుగుతూనే ఉంది. "ఇరవై ఏళ్లున్న ఇల్లు. ఈ గొడవల్లో మనల్ని ఖాళీ చెయ్యమంటే ఎక్కడికెళ్తాం?"

ఎప్పుడూ గొంతు పెంచని జాన్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "చిన్నప్పుడు పిల్ల నోట లచ్చవ్వ మాటలొస్తే, నోరు కడుక్కుని రమ్మన్నాం రత్నం. అవే మాటలు రేడియోలో వస్తే చప్పట్లు కొట్టాం. పిల్లకి ఏం నేర్పామో చూసుకో ముందు."

రత్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆ తర్వాత లచ్చవ్వ బయట మాట్లాడటం మానేసింది. కిరాణా కొట్లో వేలుతో చూపించేది. కూరగాయలావిడ ధర చెప్తే తల ఊపేది. సెల్‌ఫోన్ అల్మారాలో పెట్టేసింది. ఒక రోజు పప్పు కొనడానికి వేలు ఎత్తి నిలబడ్డ లచ్చవ్వను దీప్తి దూరం నుంచి చూసింది. మర్నాడు స్టేషన్ బాస్ సుందరరావు గదిలోకి వెళ్లింది.

"సార్, సాయవ్వను ఆపేస్తున్నా. ఎందుకో కూడా లైవ్‌లో చెప్తా."

"మెంటలా నీకు? సిటీలో నంబర్ వన్ సెగ్మెంట్ అది. గిల్టీగా ఉంటే సాయవ్వతో జై కొట్టించు. మూడ్ కూడా అదే ఉంది కదా. అదిరిపోతుంది!"

వారం ముందైతే దీప్తి ఆ ఐడియాకి ఎగిరి గంతేసేది. ఇప్పుడు అదీ మేక జోకు లాంటిదే, అవ్వను అడక్కుండా ఆ నోట మరో మాట పెట్టడమే అనిపించింది.

"వద్దు సార్. ఆ గొంతు నాది కాదు. నేను అడగలేదు కూడా."

"లైవ్‌లో చెప్తే ఈ షో నీది కాదు."

"సరే సార్."

మర్నాడు ఎనిమిదింటికి సాయవ్వ ట్యూన్ మోగింది. జనం నవ్వడానికి సిద్ధంగా ఉన్నారు. దీప్తి మైకు దగ్గరకు జరిగింది.

"నేను దీప్తిని. ఇన్నాళ్లూ సాయవ్వగా మాట్లాడింది నేనే. నన్ను పెంచిన మనిషి గొంతు అది. ఆమెను అడక్కుండా తీసుకున్నాను. ఆ గొంతుతో మీ ఆఫీసులకు, షాపులకు, ఆస్పత్రికి ఫోన్ చేసి మిమ్మల్ని ఫూల్స్ చేశాను. మొన్న అదే గొంతుతో ఒక నిజమైన అవ్వ తన బిడ్డ కోసం ఫోన్ చేస్తే, అవతల నవ్వి పెట్టేశారు. తప్పు వాళ్లది కాదు. అలా నవ్వడం నేర్పింది నేను. ఒక్కటే అడుగుతున్నా. ఇకమీదట అలాంటి గొంతు ఫోన్ చేస్తే దయచేసి పెట్టేయకండి. అది నేను కాదు. ఎవరో నిజంగా వెతుక్కుంటున్న మనిషి."

తార్నాక వీధిలో ఆ మాటలు ఒక కిటికీ నుంచి ఇంకో కిటికీకి నడుచుకుంటూ వెళ్లాయి. ఎవరూ నవ్వలేదు.

షో పోయింది. దీప్తిని పొద్దున్న అయిదింటి డ్యూటీకి వేశారు. భక్తి పాటల మధ్య టైము, వాతావరణం చెప్పడం. చర్చి వాళ్లమ్మాయి సుప్రభాతాలకు టైం చెప్తోందని జాన్ నవ్వాడు. వనజ కట్టు విప్పారు. వచ్చీరాని మాటలతో ఆమె అన్న మొదటి మాట, "నా సంచీల ఉల్లిగడ్డలు ఎవడు కొట్టేసిండు?" రెండో మాట దీప్తితో. "కోపం ఇంకా ఉన్నది. గని కూసో." రత్నమ్మ రోజూ కిందకి జావ పట్టుకెళ్లేది. ఒక రోజు గిన్నె ఇస్తూ, "ఎట్లున్నవ్ లచ్చవ్వా?" అంది. ఆ యాసలో మాట్లాడటం ఇరవై ఏళ్లలో మొదటిసారి. నాలుక తిరగక తడబడింది. లచ్చవ్వ ఆమెను చాలాసేపు చూసి, గిన్నె అందుకుంది.

ఇంకో నాలుగు రోజులు గడిచాయి. డ్యూటీ ముగించుకుని వచ్చి దీప్తి పడుకుని ఉంది. కిటికీలో పొగమంచు. నిద్రకూ మెలకువకూ మధ్య ఎక్కడో ఫోన్ మోగింది.

"హలో, నేనే మాట్లాడుతున్న!"

దీప్తి దిగ్గున లేచి కూర్చుంది. గొంతు ఫోన్‌లోంచీ, కింద గదిలోంచీ ఒకేసారి వస్తోంది.

"చాయ్ పెట్టిన. దిగుతవా, మెట్లు మర్సినవా?"

దీప్తి దుప్పటి తోసేసింది.

"ఏంది, సప్పుడు లేదు? ఏడుస్తున్నవా?"

"లేదవ్వా."

"అబద్ధం. జర నవ్వరాదు బిడ్డా. ఇప్పుడైతే నవ్వుమని నేనే చెప్తున్న కదా."

ఇద్దరిలో ఎవరూ ఫోన్ పెట్టలేదు. అలాగే చెవికి ఆనించుకుని దీప్తి మెట్లన్నీ దిగింది. చివరి మెట్టు మీద ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి, ఇంకా ఫోన్‌లోనే మాట్లాడుకుంటుంటే, లోపలి నుంచి వనజ అరిచింది. "బిల్లు నాకే వస్తది, పెట్టేయిండ్రి!"

దీప్తి ఈ మాటలన్నీ నాకు చెప్పిన రోజు, నా రింగ్‌టోన్ సంగతి ఆమెకు చెప్పడానికి గంట పట్టింది. మీ సంగతేంటి? ఎవరి మాటకైనా పగలబడి నవ్వి, తర్వాత ఆ మనిషి ఎదురైతే తల దించుకున్నారా? లేదా మీరు నోరు విప్పగానే ఎవరైనా నవ్వితే, మాట్లాడటం మానేశారా? కింద రాయండి. పుస్తకంలో భాష అక్కర్లేదు. మీ ఇంట్లో ఎలా మాట్లాడతారో అలాగే రాయండి. అన్నీ చదువుతాను.