చిట్టమ్మ వేసిన కొసరు

పన్నెండు కప్‌కేకులు ఉండాల్సిన ట్రేలో పదే ఉన్నాయి.

అనూరాధ కొంగుతో కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూసింది. పదే. కిందింటి వాళ్ళు సాయంత్రం పట్టుకెళ్ళాల్సినవి అవి. గుడ్లు కొట్టి, వెన్న కలిపి, పైన గులాబీరంగు క్రీము తిప్పి రెండు గంటలు కూడా కాలేదు. పిల్లి వచ్చిందనుకోవడానికి కిటికీలన్నీ మూసే ఉన్నాయి. గాజువాకలో కేకులు చేసేవాళ్ళు కిటికీలు తెరవరు... తెల్ల క్రీము మీద నల్ల దుమ్ము చల్లడానికి గాలి ఎప్పుడూ కాచుకునే ఉంటుంది.

"అత్తా, ఇక్కడ రెండు తగ్గాయి. నువ్వేమైనా తిన్నావా?"

గుమ్మం దగ్గర పీట మీద కూర్చున్న చిట్టమ్మ తమలపాకుకి సున్నం రాస్తూ తల ఎత్తింది.

"నానెందుకు తింతానే, నాకు సుగరు కదా. ఇందాకల సబ్బవరం కేకు ఎల్లింది సూడు, ఆ పెట్టెతో పాటు కవర్లో ఎట్టి ఇచ్చీసినాను. కొసరు."

"కొసరా?"

"మరేటి? ఆరు దినాల్నుండీ ఆ మడిసి నిన్ను ఏడిపించుకు తింతంది. రెండు సేపలు ఎక్కువేత్తే ఎంత గయ్యాలిదైనా నవ్వుకుంట ఎల్లద్ది. ముప్పై ఏళ్ళు యాపారం సేసినాను, ఆ మాత్రం తెల్దేటి నాకు?"

అనూరాధ చేతిలోంచి క్రీము పిండే పైపింగ్ బ్యాగు జారి కింద పడింది.

నాలుగేళ్ళుగా ఇంట్లోనే కేకులు చేస్తున్న అనూరాధకి కస్టమర్లు చాలామందే ఉన్నారు. వాళ్ళలో అసలు సిసలు 'కష్టమరు' మాత్రం సబ్బవరం పక్క కొత్త కాలనీలో ఉండే ఈ నీలిమే. అడిగింది ఒక్క కేకు, వేసినవి నూటొక్క కేకలు... రెండు కిలోల ఎగ్‌లెస్ వెనిలా. కూతురు దేవికి ఐదో పుట్టినరోజు. పాపకి గుడ్డు పడదు, కొంచెం లోపలికి వెళ్ళినా ఊపిరి అందదు అని మొదటిరోజే చెప్పింది. రెండోరోజు అదే మళ్ళీ చెప్పింది. మూడోరోజు మైదా ప్యాకెట్టు ఫోటో అడిగింది. నాలుగోరోజు గిన్నెలు తోమే పీచు ఫోటో అడిగింది. ఐదోరోజు పొద్దున్నే ఫోన్ చేసి, "ఇవాళ మీ ఇంట్లో ఆమ్లెట్ వేసుకున్నారా?" అని ఆరా తీసింది. ఓవెన్ కంటే ముందు ఫోను వేడెక్కేది. అది మోగితే చాలు, అనూరాధ గుండె పొంగే పిండిలా గొంతు దాకా వచ్చేది. ఏం తప్పు పడుతుందో... ఏ గ్రూపులో ఏం రాసేస్తుందో... ఆ భయంతోనే ఇవాళ గుడ్డు అన్నది ఇంట్లోకి రాకముందే ఎగ్‌లెస్ కేకు కలిపింది. దానికని విడిగా పెట్టుకున్న గిన్నెల్లో కలిపి, కాల్చి, క్రీము పూసి, పెట్టెలో పెట్టి మూత అంటించింది. కప్‌కేకుల పని ఆ తర్వాతే మొదలుపెట్టింది.

ఇంత చేసినా పదింటికి నీలిమ మళ్ళీ ఫోను. "చేతులు సబ్బుతో కడిగారా, ఒట్టి నీళ్ళతోనా?"

ఆరు రోజుల ఓపిక అక్కడితో అయిపోయింది. "మేడమ్, ఇంత అనుమానం మనుషులైతే కష్టమండీ. వేరే చోట చేయించుకోవాల్సింది."

"కేకు పంపండి చాలు. ఇకమీదట మీ నంబరుతో నాకు పనిలేదు," అని నీలిమ పెట్టేసింది. పెట్టేసి బ్లాక్ చేసింది. బ్లాక్ ఫారెస్టులు ఎన్నో చేసిన అనూరాధకి తనే బ్లాక్ అవడం ఇదే మొదలు... వంటగట్టు పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

ఆ ఏడుపు విన్నది చిట్టమ్మ. పెద జాలారిపేటలో పుట్టి, పూర్ణా మార్కెట్లో గంప దింపి, చేపలమ్మి కొడుకుని చదివించిన మనిషి. కొసరు వెయ్యకుండా ఒక్క బేరమూ ముగించి ఎరగదు. కొనేవాళ్ళు మొహం ముడుచుకుంటే గుప్పెడు రొయ్యలు, మరీ ముడుచుకుంటే రెండు గుప్పెళ్ళు. కోడలి కన్నీళ్ళు తుడవడానికి ఆవిడకి తెలిసిన విద్య అదొక్కటే.

"అత్తా... అవి గుడ్డు వేసినవి."

"అయితే ఏటి? ఆళ్ళు ఆదివారమని నీసు తినరేటి? పక్కోళ్ళకి ఎట్టుకుంతారు."

"తినకపోవడం కాదత్తా. ఆ పాపకి గుడ్డు పడదు. ఊపిరి ఆగిపోద్ది."

చిట్టమ్మ వేలికి సున్నం అలాగే ఉండిపోయింది.

అనూరాధ నీలిమకి ఫోన్ చేసింది. సగం మోత మోగి తెగిపోయింది. మళ్ళీ చేసింది. మళ్ళీ తెగింది. అత్త ఫోన్‌తో చేస్తే పూర్తిగా మోగి మోగి ఊరుకుంది. పుట్టినరోజు ఇంట్లో తెలియని నంబరు ఎవరెత్తుతారు... కేకు పట్టుకెళ్ళిన డెలివరీ బండి అబ్బాయికి చేసింది. "అరగంటైంది మేడమ్ ఇచ్చేసి. ఎవరో పెద్దామె తీసుకున్నారు. నేను గాజువాక దాకా వచ్చేశాను," అన్నాడు.

అరగంట!

అచ్యుతాపురంలో డ్యూటీలో ఉన్న భర్త నాగబాబుకి చేసింది. అంతా విని అతను గొంతు తగ్గించాడు.

"అనూ, నువ్వు ఎక్కడికీ కదలకు. వెళ్తే మనమే ఒప్పుకున్నట్టు. కేసంటారు, లైసెన్సంటారు. పక్కన పడేసి ఉంటారులే, ఎవరూ తినరు."

"తింటే?"

"తిన్నా మనవని ఎవరికి తెలుస్తాది?"

చిట్టమ్మ లేచి వచ్చి ఫోను లాక్కుంది. "ఒరే నాగబాబూ, ఆ పిల్లకేటైనా అయితే నువ్వు రేపు అన్నం తింతావేట్రా?"

నాగబాబు, "హెల్మెట్ పెట్టుకుని వెళ్ళండి," అన్నాడు.

స్కూటీ మీద ఎప్పుడూ ఎక్కని చిట్టమ్మ ఎక్కింది. సబ్బవరం రోడ్డు మీద లారీలు ఒకదాన్నొకటి తరుముకుంటూ పోతున్నాయి. ప్రతి హారనూ అనూరాధకి ఎవరో ఏడుస్తున్నట్టే వినిపించింది. ఎదురుగా ఓ అంబులెన్సు వస్తే బండి పక్కకి లాగింది. లోపల ఉన్నది ఐదేళ్ళ పిల్లేమో అనిపించింది... అది ఏ ఊరినుంచి వస్తోందో కూడా తెలీదు, అయినా అదే అనిపించింది.

వెనకనుంచి చిట్టమ్మ కోడలి నడుం గట్టిగా పట్టుకుంది. "తిట్టే నన్ను. ఏటీ అనకుండా ఉంతే నాకు బయ్యంగా ఉంది."

"నా కోసమే కదత్తా వేశావు," అంది అనూరాధ. వీపు మీద తడి తగిలింది. అది చెమటో, అత్త కన్నీళ్ళో తిరిగి చూసే వీలు లేదు.

కాలనీ గేటు దగ్గర సెక్యూరిటీ ఆపాడు. లోపలివాళ్ళు సరే అంటేనే పంపుతానన్నాడు. ఇంటికి ఇంటర్‌కమ్ కలిపి, "మేడమ్, కేకులావిడ వచ్చారు," అన్నాడు. రిసీవర్లోంచి నీలిమ గొంతు బయటికే వినబడింది. "ఆవిడతో నాకు పనిలేదని చెప్పానుగా. పంపించెయ్యండి."

చిట్టమ్మ ఒక్క ఊపున సెక్యూరిటీ గది కిటికీలోంచి చెయ్యి పెట్టి రిసీవరు అందుకుంది.

"అమ్మా, ఫోను పెట్టీకు. ముందు మీ పాప నోట్లో ఏటుందో సూడు."

రిసీవర్లో ఏదో కింద పడిన చప్పుడు. తర్వాత పరుగు. ఎవరూ సరే అనకుండానే సెక్యూరిటీ గేటు తీసేశాడు.

హాలు నిండా బెలూన్లు. బల్ల మీద తెల్లటి కేకు చెక్కుచెదరకుండా ఉంది, దాని మీద 'దేవి' అని అనూరాధ చేత్తో రాసిన అక్షరాలు. సోఫా పక్కన నేల మీద నీలిమ కూర్చుని ఉంది, ఒళ్ళో పట్టు పావడా కట్టుకున్న పాప. పాప మూతి చుట్టూ గులాబీరంగు క్రీము. నీలిమ చేతిలో కప్‌కేకు. పైన క్రీమంతా నాకేసి ఉంది. అంచున ఎలకపిల్ల కొరికినంత మేర లేదు.

ఆ కొరికినంత మేర నుంచి అనూరాధ చూపు తిప్పుకోలేకపోయింది. గుడ్డుకీ గుండెకీ మధ్య దూరం అంతేనా... ఒక పంటిగాటా?

నీలిమ అత్తగారు వెంకటరమణమ్మ గోడకి ఆనుకుని నిలబడింది. "కవర్లో రెండున్నాయి. ఒకటి నేను తిన్నాను. ఇంకోటి దానికిచ్చాను. అన్నీ ఎగ్‌లెస్సే కదా అనుకున్నానమ్మా నీలిమా... నువ్వు దానికి పాపం ఏదీ పెట్టనివ్వవు, పుట్టినరోజు నాడైనా అని..."

"ఎవరు పంపారు ఇవి?" నీలిమ గొంతు చాలా నెమ్మదిగా ఉంది.

"నేనే," అంది అనూరాధ.

"అది కాదమ్మా," అని చిట్టమ్మ ముందుకొచ్చింది. "నాను ఏసినాను. దానికి తెల్దు. నన్ను ఏటి సేత్తావో సెయ్యి."

నీలిమ ఇద్దరి వంకా చూడలేదు. డాక్టరుకి ఫోన్ చేసింది. అలర్జీ సిరప్ వెయ్యండి, రెండు గంటలు కళ్ళార్పకుండా చూడండి, దగ్గో వాంతో ఆయాసమో మొదలైతే క్షణం ఆగకుండా తెచ్చెయ్యండి అన్నాడాయన. నీలిమ మామగారు గురునాథరావు కారు గుమ్మం ముందుకి తెచ్చి, తాళం దానికే ఉంచి అందులోనే కూర్చున్నాడు. పుట్టినరోజుకి వచ్చిన పిల్లల్ని పక్కింటివాళ్ళు తమ ఇంటికి తీసుకెళ్ళారు.

నలుగురు ఆడవాళ్ళు ఓ పిల్ల పెదవుల్ని చూస్తూ కూర్చున్నారు.

పావుగంటకి పాప పెదవి కింద కందిబద్దంత ఎర్రటి దద్దు లేచింది. నీలిమ దాని పక్కన పెన్నుతో చిన్న గీత గీసింది, పెరుగుతోందో లేదో తెలియడానికి. ఆ గీత గీసేటప్పుడు ఆమె చెయ్యి కొంచెం కూడా వణకలేదు. అది చూశాక అనూరాధకి భయం ఇంకా ఎక్కువైంది. ఎన్నిసార్లు గీస్తే ఆ చెయ్యి అలా గట్టిపడి ఉంటుంది...

"కేకు ఎప్పుడు కోస్తాం?" అంది పాప.

"కోద్దాం నాన్నా. కాసేపాగి."

"రెండేళ్ళ కిందట ఓ పెళ్ళిలో," అంది నీలిమ, పాప మీంచి చూపు తిప్పకుండానే, "ఒక్క బిస్కట్టుకి ఏమవుతుందని ఎవరో పెట్టారు. వద్దంటే అందరూ నవ్వారు. కార్లో తీసుకెళ్తుంటే దీని పెదాలు నీలంగా మారిపోయాయి. నన్నే పిలవబోతోంది గానీ గొంతులోంచి శబ్దం రావట్లేదు... అప్పట్నుంచి నేను ఎవరికి ఫోన్ చేసినా అనుమానం మనిషినంటారు. మా ఇంట్లోనూ అదే అంటారు. పొద్దున మీరూ అదే అన్నారు."

అనూరాధ తల వంచుకుంది. ఆరు రోజులు తను వణికిపోయింది ఈ మనిషికి. ఈ మనిషి రెండేళ్ళుగా వణుకుతోంది, చుట్టూ ఉన్న ప్రతి గిన్నెకీ, ప్రతి చెంచాకీ, ప్రేమగా చాచిన ప్రతి చేతికీ. తనకి వచ్చినవి వేధింపు ఫోన్లు కావు. ఓ తల్లి చీకట్లో తడుముకుంటూ వేసిన అడుగులు.

"క్షమించమని అడగడానికి కూడా నాకు మొహం లేదు మేడమ్."

"మీరు రాకపోతే నాకు తెలిసేది కాదు. వచ్చారు. ఇప్పటికి అంతే చెప్పగలను."

ఓ మూల వెంకటరమణమ్మ చప్పుడు లేకుండా ఏడుస్తోంది. ఆ ఏడుపుని ఎవరూ ఆపలేదు.

అరగంట. దద్దు గీత దాటలేదు. ముప్పావుగంట. పాప ఒకసారి దగ్గింది. నలుగురూ ఒక్కసారి లేచారు, బయట కారు స్టార్టయింది... అది బెలూను దారం నోట్లో పెట్టుకుంటే వచ్చిన దగ్గు. పాప తన దగ్గుకి తనే నవ్వింది. ఎవరికీ నవ్వు రాలేదు. గంటన్నరకి దద్దు రంగు తగ్గి గులాబీ అయింది. రెండు గంటలకి పెన్ను గీత ఒక్కటే మిగిలింది. డాక్టరుకి మళ్ళీ చెబితే, భయం లేదు, ఈ పూటంతా ఓ కన్నేసి ఉంచండి అన్నాడు. సిరప్ మత్తుకి పాప సోఫా మీదే, పట్టు పావడాతోనే నిద్రపోయింది.

వెంకటరమణమ్మ పళ్ళెంలో అన్నం కలిపి తెచ్చింది. "పొద్దుట్నుంచి నువ్వేమీ తినలేదమ్మా. రెండు ముద్దలు తిను."

"వద్దత్తయ్యా. దాన్ని చూడాలి."

"నేను చూస్తాలే," అనబోయి ఆవిడ ఆగిపోయింది. ఆ మాట అనే హక్కు ఇవాళ్టికి పోయిందని ఆవిడకే తెలిసింది.

అప్పుడు చిట్టమ్మ మోకాళ్ళ మీద జరుగుతూ సోఫా దగ్గరికి వచ్చింది.

"ఎల్లి తినమ్మా. నాను సూత్తాను."

నీలిమ ఆవిడ వంక చూసింది. ఈ కీడు తెచ్చింది ఈవిడ చెయ్యే.

"నన్ను నమ్మమని అడగను," అంది చిట్టమ్మ. "గాలివాన్లో ఎల్లిన పడవ కోసం, మా ఆయన కోసం, రెండు దినాలు ఒడ్డు మీద కూకున్నదాన్ని. రెప్ప ఎయ్యనేదు. తిరిగొచ్చీదాకా లెగనేదు. సూడ్డం ఒక్కటి నాకు సేతనవును."

నీలిమ పాప ఛాతీ మీద చెయ్యి పెట్టి మూడు ఊపిర్లు లెక్కపెట్టింది. చెయ్యి తీసింది. చిట్టమ్మ చేతిని పట్టుకుని పాప ఛాతీ మీద ఆనించింది.

"ఇలా పెట్టి ఉంచండి. కొంచెం తేడా వచ్చినా పిలవండి."

వంటింట్లోకి వెళ్ళింది. అనూరాధ అన్నం పళ్ళెం అందుకుని వెనకే వెళ్ళి, పీట వాల్చి ముందు పెట్టింది. నీలిమ గుమ్మం వైపు తిరిగి కూర్చోబోయింది... అక్కణ్ణుంచి సోఫా కనబడుతుంది. కూర్చోబోయి ఆగి, నెమ్మదిగా అటు తిరిగి, గోడ వైపు మొహం పెట్టి, పాపకి వీపు పెట్టి కూర్చుంది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. రెండో ముద్దకి భుజాలు కదిలిపోయేలా ఏడ్చింది. ఏడుస్తూనే తింది. అనూరాధ మజ్జిగ పోసింది.

హాల్లో చిట్టమ్మ అరచేతి కింద ఓ చిన్న ఛాతీ పైకి లేచింది, దిగింది. ఆవిడ రెప్ప వెయ్యలేదు.